23 రోజుల ఆలస్యాన్ని యూరియా పూడ్చలేదు: ఒక మొక్కజొన్న చేను కేస్ స్టడీ

"సార్, విత్తనం ఒకటే, నేల ఒకటే. కింద ముక్కకు ఎరువు ఇంకా ఎక్కువే వేశాను. మరి కంకి ఎందుకిలా వచ్చింది?"

కోత అయిన మర్నాడు కంకుల కుప్పల మధ్య కూర్చుని ఆ రైతు నన్ను అడిగిన మాట ఇది. ఒక కుప్పలో కంకులు కొస దాకా గింజ పట్టి బరువుగా ఉన్నాయి. రెండో కుప్పలో చేతికి తీసుకున్న ప్రతి కంకిలోనూ ఏదో ఒక వెలితి కనిపించింది. కొన్నింటికి కొస ఎండిపోయి బెండు బయటపడింది. కొన్నింటిలో గింజలు పళ్లూడిన నోటిలా అక్కడొకటి ఇక్కడొకటి ఉన్నాయి. రైతులకు పంట సలహాలు ఇవ్వడం నా పని. ఇలాంటి కంకులు చూడగానే నోటికొచ్చే మాట "నత్రజని చాలలేదు" అని. ఆ రోజు నేనూ అదే అన్నాను. అది సగమే నిజమని ఆ చేను నాకు రెండేళ్లలో నేర్పింది. అందుకే ఈ కేసును వివరంగా రాస్తున్నాను.

చేను, విత్తిన తీరు

వర్షాధారం చేను. 6 ఎకరాలు, కొంచెం వాలుగా ఉంటుంది. పై ముక్క 3 ఎకరాలు, కింద ముక్క 3 ఎకరాలు. మట్టి మధ్యరకం, ఉదజని సూచిక (పీహెచ్) 8కి దగ్గర, అంటే కొంచెం క్షార గుణం. హైబ్రిడ్ రకం ఒకటే, సుమారు 100 రోజులకు కోతకు వచ్చేది. వరుసల మధ్య 60 సెం.మీ., మొక్కల మధ్య 20 సెం.మీ. దూరం. అంటే లెక్క ప్రకారం ఎకరాకు 33 వేలకు పైగా మొక్కలు.

తొలి మంచి వాన పడి పదును దొరకగానే పై ముక్క విత్తేశారు. కింద ముక్కకు దుక్కి యంత్రం దొరకలేదు. దొరికేసరికి వాన, వాన వెలిసేసరికి బురద. అలా 23 రోజులు పోయాయి. ఆలస్యమైందన్న టెన్షన్‌తో రైతు కింద ముక్కకు ఎరువు పెంచారు. పై ముక్కకు ఎకరాకు డీఏపీ 50 కిలోలు, యూరియా 90 కిలోలు, పొటాష్ 25 కిలోలు పడ్డాయి. డీఏపీలో నత్రజని 18 శాతం, యూరియాలో 46 శాతం కాబట్టి మొత్తం నత్రజని దాదాపు 50 కిలోలు. కింద ముక్కకు డీఏపీ, పొటాష్ అంతే, యూరియా మాత్రం మరో 25 కిలోలు ఎక్కువ. అంటే 62 కిలోల నత్రజని. అయినా కింద ముక్క దిగుబడి పై ముక్కలో మూడింట రెండు వంతులే వచ్చింది.

నోటు పుస్తకం

ఈ కేసు తేలడానికి అసలు కారణం ఆ ఇంటావిడ రాసుకున్న నోటు పుస్తకం. వాన పడిన తేదీలు, కూలీలు వచ్చిన రోజులు, ఎరువు వేసిన రోజులు, అన్నీ పెన్సిలుతో రాసి ఉన్నాయి. నా దగ్గరకు వచ్చే రైతుల్లో చాలామంది ఎంత ఎరువు వేశారో చెప్పగలరు, ఎప్పుడు వేశారో చెప్పలేరు. "మోకాలెత్తు ఉన్నప్పుడు వేశాం" అంటారు. ఆ రోజు నేల తడిగా ఉందా, తర్వాత వాన ఎన్నాళ్లకు పడింది అంటే గుర్తుండదు. ఎరువు పంటకు చేరిందో గాలికి పోయిందో తేల్చేది మాత్రం ఆ రెండు విషయాలే.

పై ముక్క విత్తిన రోజును మొదటి రోజుగా పెట్టుకుని ఆ పుస్తకంలోని తేదీలన్నీ ఒక గీత మీద పెట్టాను. కింద ముక్క 23 రోజులు వెనక. 33వ రోజు నుంచి మూడు రోజులు కుండపోత. పై ముక్క అప్పటికి మోకాలు దాటింది, వేళ్లు లోతుకు దిగాయి. కింద ముక్కలో మొక్కలు పది రోజుల పసివి, పైగా పల్లం కావడంతో చాళ్లలో రెండు రోజులు నీళ్లు నిలిచాయి. మొక్కజొన్నకు ఆరో ఆకు విచ్చుకునే దాకా పెరిగే మొన భూమి లోపలే ఉంటుంది. ఆ వయసులో నీళ్లు నిలిస్తే మొక్క మొదలుకే ముప్పు. కొన్ని చచ్చిపోయి ఖాళీలు పడ్డాయి.

తర్వాత 68వ రోజు నుంచి బెట్ట. దాదాపు మూడు వారాలు చినుకు లేదు, ఎండ మండింది. పై ముక్కలో అప్పటికే పీచు ఎండి గింజ పాలు పోసుకుంటోంది. కింద ముక్క సరిగ్గా అప్పుడే పూతకు వచ్చింది.

కారణం ఇక్కడే ఉందని గీత చూడగానే అనిపించింది. అయితే బెట్ట మీదే మొత్తం నెట్టేస్తే పొరపాటు. కంకులు ఇంకా కొంత చెప్పాయి.

కంకిని చదవడం

ఒక్కో ముక్కలో ఐదు చోట్ల, చోటుకు పది కంకుల చొప్పున ఒలిచి చూశాను. మొదట లెక్కపెట్టింది వరుసలు. రెండు ముక్కల్లోనూ ఎక్కువ కంకులకు 14 వరుసలు, కొన్నింటికి 16. తేడా లేదు. వరుసల సంఖ్య ప్రధానంగా రకాన్ని బట్టి ఉంటుంది, మొక్కకు ఏడెనిమిది ఆకులు వచ్చే నాటికి అది దాదాపు ఖాయమైపోతుంది. అంటే కింద ముక్క ఆ దశ దాకా మరీ కుంగిపోలేదు.

తేడా అంతా వరుస పొడవులో ఉంది. పై ముక్కలో వరుసకు 32 గింజల దాకా ఉంటే, కింద ముక్కలో చాలా కంకులకు 22కి మించలేదు. వినడానికి పది గింజలే. లెక్క వేసి చూడండి. ఎకరాకు 28 వేల కంకులు, కంకికి 14 వరుసలు, గింజ బరువు పావు గ్రాము అనుకుంటే, వరుసకు పది గింజలు తగ్గితే ఎకరాకు పోయేది 980 కిలోలు. దాదాపు టన్ను.

ఆ గింజలు ఎలా పోయాయో కంకి మీదే రాసి ఉంటుంది. మొక్కజొన్నలో పీచులోని ఒక్కో పోగు ఒక్కో గింజది. పుప్పొడి ఆ పోగు మీద పడి లోపలి దాకా దిగితేనే గింజ కడుతుంది. బెట్ట వస్తే మగపూత దాదాపు టైముకే వస్తుంది గానీ పీచు బయటికి రావడం ఆలస్యమవుతుంది, ఎందుకంటే పీచు సాగడానికి నీళ్లే కావాలి. పీచు వచ్చేసరికి పుప్పొడి అయిపోతుంది. పైగా ఎండ బాగా ముదిరితే రాలిన పుప్పొడి ఎంతోసేపు బతకదు. అలా పుప్పొడి అందని చోట గింజ అసలు మొదలే కాదు, బెండు మీద నున్నటి ఖాళీ మిగులుతుంది. కింద ముక్కలోని పళ్లూడిన కంకులు ఇవే. ఇది ఎరువు లోపం కాదు. బస్తాలకు బస్తాలు వేసినా ఆ ఖాళీ నిండదు.

కొస ఎండిన కంకుల కథ వేరు. వాటిని దగ్గరగా చూస్తే కొసన ముడుచుకుపోయిన చిన్న చిన్న తాలు గింజలు ఉన్నాయి. అంటే గింజ కట్టింది, తర్వాత ఆకలితో చచ్చింది. మొక్కకు తిండి చాలనప్పుడు చివరగా కట్టిన కొస గింజలనే ముందు వదిలేస్తుంది. ఈ ఆకలికి బెట్ట ఒక కారణం, నత్రజని మరో కారణం. చేలో మిగిలిన చొప్పను చూస్తే అడుగు ఆకులు కొస నుంచి నడిమి ఈనె వెంట వీ ఆకారంలో ఎండి ఉన్నాయి. అది నత్రజని లోపం గుర్తు. పొటాష్ తక్కువైతే ఆకు అంచులు మాడతాయి, అది కనిపించలేదు.

అంటే నేను మొదట చెప్పిన మాట కొసల వరకు నిజం, నడిమి ఖాళీల విషయంలో తప్పు. కానీ 62 కిలోల నత్రజని వేసిన చోట నత్రజని లోపం ఏమిటి?

వేసిన నత్రజని ఎక్కడికి పోయింది

మళ్లీ నోటు పుస్తకం తీశాం. కింద ముక్కకు విత్తేటప్పుడే డీఏపీతో పాటు సగం యూరియా వేశారు. పది రోజులకే కుండపోత, నిలవ నీళ్లు. యూరియాలో కొంత భాగం అప్పటికి నేలలో నైట్రేటుగా మారి ఉంటుంది. నైట్రేటు మట్టికి అంటుకోదు, నీళ్లతో పాటు దిగిపోతుంది. నీళ్లు నిలిచి గాలి ఆడని చోట సూక్ష్మజీవులు దాన్ని వాయువుగా మార్చి వదిలేస్తాయి. పది రోజుల మొక్క అందులో తీసుకున్నది నామమాత్రం. పంట మొత్తం తీసుకునే నత్రజనిలో మోకాలెత్తు లోపు తీసుకునేది చిన్న వాటా మాత్రమే. అక్కడి నుంచి పూత దాకా ఆకలి ఒక్కసారిగా పెరుగుతుంది.

మిగతా సగాన్ని మోకాలెత్తు దశలో ఒకేసారి చల్లారు. నేల పైన తడిగా ఉంది. మట్టితో కప్పలేదు. తర్వాత ఎనిమిది రోజులు వాన లేదు, వేడి గాలి. యూరియాను ఎక్కువగా పోగొట్టుకునే పరిస్థితి సరిగ్గా ఇదే. తడి తగిలి యూరియా కరుగుతుంది, నేలలో ఉండే యూరియేజ్ అనే ఎంజైము దాన్ని విడగొడుతుంది, అమ్మోనియా గాలిలోకి లేచిపోతుంది. నేల ఉదజని సూచిక ఎక్కువగా ఉంటే ఇంకా వేగంగా పోతుంది. అదే యూరియాను రెండు అంగుళాల లోతున మట్టితో కప్పినా, వేసిన వెంటనే అర అంగుళం వాన పడినా చాలావరకు నిలుస్తుంది. తడి నేల మీద చల్లితే "పదునులో వేశాం" అని మనకు తృప్తిగా ఉంటుంది. పైపై తడి చాలదని, వాన వేసే ముందు కాదు వేసిన తర్వాత కావాలని ఎంతమందికి చెప్పినా తక్కువే అనిపిస్తుంది.

పై ముక్కకు ఇంకో లాభం కూడా దొరికింది. దాన్ని ఎవరూ ఎరువు లెక్కలో వేయరు. ఎండి ఉన్న నేల తొలి వానకు తడవగానే సూక్ష్మజీవులు ఒక్కసారిగా లేచి, నేలలోని సేంద్రియ పదార్థాన్ని కుళ్లబెట్టి నత్రజనిని విడుదల చేస్తాయి. తూర్పు ఆఫ్రికా నేలల మీద పనిచేసిన బర్చ్ అనే శాస్త్రవేత్త 1958లో దీన్ని వివరంగా రాశారు, ఆయన పేరుతోనే దీన్ని బర్చ్ ఎఫెక్ట్ అంటారు. తొలి వానకు విత్తిన పంట వేళ్లకు ఈ నత్రజని అందుతుంది. మూడు వారాలు ఆగితే ముందు కలుపు తింటుంది, మిగిలింది వానకు దిగిపోతుంది. కింద ముక్కలో జరిగింది ఇదే. ఆ ఖాళీ రోజుల్లో కలుపు ఏపుగా పెరిగిందని రైతే చెప్పారు.

కాబట్టి ఆలస్యంగా విత్తడం వల్ల కింద ముక్క మూడు చోట్ల నష్టపోయింది: నేల ఇచ్చే నత్రజని అందలేదు, పసి వయసులో ముంపుకు దొరికింది, పూతలో బెట్టకు దొరికింది. అదనంగా వేసిన యూరియా ఈ మూడింటిలో ఒక్కదాన్ని మాత్రమే పూడ్చగలదు. అదీ వేసిన తీరు వల్ల పూడ్చలేకపోయింది.

పూత దశలో బెట్ట ఎంత దెబ్బ తీస్తుందో చాలా ఏళ్ల కిందటే కొలిచారు. అమెరికాలోని అయోవాలో డెన్‌మీడ్, షా చేసిన ప్రయోగాల ఫలితాలు 1960లో వచ్చాయి. పీచు దశకు ముందు నీటి ఎద్దడి వస్తే దిగుబడి 25 శాతం, పీచు దశలో వస్తే 50 శాతం, ఆ తర్వాత వస్తే 21 శాతం తగ్గింది. ఎండ సంగతికొస్తే, ఆఫ్రికాలో జరిగిన 20 వేలకు పైగా మొక్కజొన్న ప్రయోగాల సమాచారాన్ని లోబెల్ బృందం 2011లో విశ్లేషించింది. 30 డిగ్రీలు దాటి పంట గడిపిన ఒక్కో డిగ్రీ-రోజుకు (30 మీద ఒక డిగ్రీ ఎక్కువ వేడిలో ఒక రోజంతా ఉంటే ఒక డిగ్రీ-రోజు) దిగుబడి 1 శాతం తగ్గింది, నీటి ఎద్దడి కూడా తోడైతే 1.7 శాతం. మా కింద ముక్కకు రెండూ కలిసి వచ్చాయి.

రెండో ఏడాది పెట్టిన పట్టీలు

ఇదంతా కోత తర్వాత వెనక్కి చూసి చెప్పిన మాట. అందుకే మరుసటి ఏడాది పై ముక్కలోనే, ఒకే వాలు మీద, నాలుగు పట్టీలు పెట్టమని అడిగాను. రైతు ఒప్పుకున్నారు. ఒక జత తొలి పదునుకు, రెండో జత మూడు వారాల తర్వాత. ప్రతి జతలో ఒక పట్టీకి ఆయన పాత పద్ధతి, అంటే యూరియా రెండు విడతలు, పైన చల్లడం. రెండో పట్టీకి అదే 90 కిలోల యూరియా మూడు విడతలు: విత్తేటప్పుడు కొంచెం, మోకాలెత్తులో కొంచెం, మగపూత బయటపడే ముందు మిగిలింది. పైపాటు విడతలు, అంటే పంట పెరిగేటప్పుడు వేసేవి, మొక్కకు కాస్త దూరంగా గాడిలో వేసి మట్టి కప్పాం. నాలుగింటికీ డీఏపీ, పొటాష్ సమానం.

ఆ ఏడాది బెట్ట అంత గట్టిగా లేదు, కానీ ఆలస్యంగా విత్తిన జత పూతకు వచ్చిన వారం మధ్యాహ్నాలు ఆకులు గొట్టంలా చుట్టుకున్నాయి. కోతలో తేలింది ఇది. తొలి పదునుకు విత్తిన జతలో విడతలుగా కప్పి వేసిన పట్టీ పాత పద్ధతి కంటే బాగా ముందుంది, కంకి చూస్తేనే తెలిసేంత. ఆలస్యం జతలోనూ కప్పి వేసిన పట్టీయే మెరుగు. కానీ మంచి పద్ధతికి దొరికిన అదనపు దిగుబడి తొలి జతలో దొరికినదానిలో సగం కూడా లేదు. అన్నిటికన్నా ముఖ్యం, టైముకు విత్తి పాత పద్ధతిలో ఎరువు వేసిన పట్టీ, ఆలస్యంగా విత్తి జాగ్రత్తగా ఎరువు వేసిన పట్టీ కంటే కొంచెం ఎక్కువే ఇచ్చింది.

ఇది ఒక చేను, ఒక ఏడాది. పట్టీలు రెండేసి మూడేసి సార్లు పెట్టిన ప్రయోగం కాదు. వానలు ఇంకోలా పడితే తేడాలు పెరగొచ్చు, తగ్గొచ్చు. అయినా రైతు కళ్ల ముందు, ఆయన చేత్తో వేసిన ఎరువుతో కనిపించిన ఆ తేడా నా సలహాను మార్చింది.

ఇప్పుడు నేను చెప్పేది

మొదట అడిగేది ఎరువు గురించి కాదు. "ఎప్పుడు విత్తుతున్నారు, మీ రకం ఎన్నాళ్లకు పూతకు వస్తుంది, ఆ వారంలో మీ దగ్గర మామూలుగా వానలుంటాయా?" అని అడుగుతాను. విత్తే తేదీకి 50 - 55 రోజులు కలిపి పూత తేదీ రాసుకోమంటాను. ఆ తేదీకి ముందు పది రోజులు, తర్వాత పది రోజులు నీళ్ల భరోసా లేకపోతే తక్కువ కాలపు రకం చూడాలి, లేదా ఎరువు మీద ఆశ తగ్గించుకోవాలి.

ముందుగా విత్తమంటే తొందరపడమని కాదు. ఒక్క జల్లుకు విత్తేస్తే మొలక వచ్చి ఎండిపోతుంది, మళ్లీ విత్తాల్సి వస్తుంది, అప్పుడు ఉన్న ఆలస్యం కాస్తా రెట్టింపవుతుంది. విత్తనం లోతుకు, దాని కిందకు కూడా తడి దిగిందో లేదో తవ్వి చూడాలి. చలి ప్రాంతాల్లో నేల వేడి 10 డిగ్రీల లోపు ఉంటే మొక్కజొన్న మొలవదు, కాస్త పైన ఉన్నా మొలక ఈడ్చుకుంటూ వస్తుంది. చల్లని నేలలో వేళ్లు భాస్వరాన్ని అందుకోలేక లేత ఆకులు ఊదా రంగు తిరుగుతాయి. అలాంటి చోట విత్తనం పక్కన రెండు అంగుళాల దూరంలో, రెండు అంగుళాల లోతున భాస్వరం ఎరువు పడితే మేలు.

భాస్వరానికి డీఏపీ మంచిదే, కానీ విత్తనానికి తగలకూడదు, అందులోంచి వచ్చే అమ్మోనియా మొలకను చంపుతుంది. గంధకం తక్కువున్న నేలల్లో సింగిల్ సూపర్ ఫాస్ఫేట్ వాడితే భాస్వరంతో పాటు గంధకమూ అందుతుంది. జింక్ లోపం ఉన్న చోట లేత ఆకుల మొదళ్లలో ఈనెకు రెండు వైపులా తెల్లటి పట్టీలు కనిపిస్తాయి. జింక్ సల్ఫేటును భాస్వరం ఎరువుతో కలిపి వేయొద్దు, విడిగా వేయాలి.

యూరియాను కప్పడం కుదరని చోట, ఉదజని సూచిక ఎక్కువున్న నేలల్లో, పైపాటుకు కాల్షియం అమ్మోనియం నైట్రేట్ దొరికితే అది గాలిలోకి అంతగా పోదు. కానీ నీళ్లు నిలిచే పల్లంలో అందులోని నైట్రేటు పోయే ప్రమాదం ఉంది. అంటే ఎరువు ఎంపిక కూడా బస్తా మీద రాసిన శాతంతో తేలేది కాదు. వేసిన తర్వాత పది రోజులు ఆ నేల ఎండుతుందా మునుగుతుందా అన్నదాన్ని బట్టి తేలుతుంది.

ఆలస్యం తప్పనిసరైతే విత్తేటప్పుడు వేసే నత్రజని తగ్గించమంటాను. భాస్వరం, పొటాష్ మాత్రం పైపాటుగా వేస్తే అంత పనిచేయవు కాబట్టి వాటిని విత్తేటప్పుడే వేయాలి. నత్రజని మిగతాదంతా చేతిలో ఉంచుకుని, మొక్కల సంఖ్య, వాన చూసి విడతలుగా వేయాలి. కత్తెర పురుగును కూడా ఎక్కువ కనిపెట్టుకుని ఉండాలి. చుట్టుపక్కల ముందు విత్తిన చేలల్లో పెరిగిన పురుగు ఆలస్యంగా వచ్చిన లేత పంట మీదకు వస్తుంది.

మూడో ఏడాది

మూడో ఏడాది కూడా కింద ముక్క 16 రోజులు ఆలస్యమైంది. ఈసారి రైతు పది రోజులు ముందు కోతకు వచ్చే రకం ఎంచుకున్నారు, నీళ్లు పోవడానికి పల్లం వైపు ఒక కాలువ తీశారు. మొదటి విడత తక్కువ వేశారు, రెండో విడత కప్పి వేశారు. మగపూత ముందు వేయాల్సిన మూడో విడతకు యూరియా సిద్ధంగా ఉంది, వాన మాత్రం లేదు. ఫోన్ చేశారు.

"సార్, ఆకులు చుట్టుకుంటున్నాయి. యూరియా వేస్తే తేరుకుంటుందా?"

"తేరుకోదండీ. ఇప్పుడు మొక్క అడిగేది నీళ్లు. వాన పడేదాకా ఆగండి."

తొమ్మిదో రోజున వాన పడింది. అప్పటికి పీచు బయటికి వచ్చేసింది. నేను వెళ్లి చూశాను. ఖాళీలు కొన్ని పడేలా ఉన్నాయి, కానీ చాలా కంకుల్లో పీచు గోధుమ రంగు తిరుగుతోంది, గింజ పట్టిందన్నమాట. పూత తర్వాత కూడా పంట కొంత నత్రజని తీసుకుంటుంది కాబట్టి అనుకున్నదానిలో సగం మాత్రమే గాడిలో వేసి కప్పమన్నాను. ఆ సాయంత్రమే వేశారు. మిగిలిన సగం బస్తా మూతి కట్టి, వచ్చే ఏడాదికని లోపల పెట్టారు. నోటు పుస్తకంలో ఆవిడ ఆ రోజు తేదీ కింద వాన, యూరియా రెండూ రాసి, పక్కనే పీచు వచ్చిన తేదీ కూడా చేర్చారు.